చూడో, ఛోడో

మొన్న మా చిన్న బిడ్డ చదివే బడిలో నా చేతికి ఒక తాడు ఇచ్చి పట్టుకోమన్నారు.

కొత్తగా వచ్చిన టీచరమ్మ చీపురుపుల్లంత మనిషి, గొంతు మాత్రం మిల్లు సైరను. పిల్లలకు ఒకరి మీద ఒకరికి నమ్మకం, కలిసి పనిచేసే గుణం ఆటలతో ఎలా నేర్పుతారో తల్లిదండ్రులకు చూపిస్తానని మమ్మల్ని మండుటెండలో గుండ్రంగా నిలబెట్టింది. అందరం ఒకే తాడు పట్టుకుని ఒకేసారి వెనక్కి వాలాలి. ఒక్కరు వదిలినా అందరూ వెల్లకిలా పడతారు. నా ఎడమవైపు ఉన్నాయన పట్టుకున్నట్టు నటిస్తున్నాడు. కుడివైపు ఉన్నామె గట్టిగా వాలితే భూమి తిరిగే దిక్కు మారేట్టుంది. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ, చెప్పులో రాయి పడిందని చెప్పి ఎట్లా జారుకుందామా అని చూస్తుండగా తాడు వాసన ముక్కుకు తగిలింది. కొత్త జనుము వాసన. వెంటనే అరచేతులు దురద పెట్టాయి. నా అరచేతులకు నాకంటే జ్ఞాపకశక్తి ఎక్కువ.

మాకు మొఘల్‌పురాలో ఒక ఇల్లుండేది. అందులో ముందు బర్రెలు ఉండేవి, మిగిలిన జాగాలో మేము సర్దుకునేవాళ్లం. ఉన్నవి ఆరు బర్రెలే అయినా చార్మినార్ పైకెక్కినవాళ్లు కళ్లు మూసుకుని మా ఇల్లు ఏ దిక్కున ఉందో చెప్పగలిగేవాళ్లు. పేడ, తడిసిన తవుడు, కాగుతున్న పాలు, వీటన్నిటి మీదికి పై గదిలోంచి లక్క కాలే వాసన దిగేది. ఆ గదిలో లక్క గాజులు చేసే ఒకామె, ఆమె కొడుకు కిరాయికి ఉండేవాళ్లు. భర్త పోయాడు. ఆమె పరదా మనిషి. తలుపుకు వేలాడే గోనెపట్టా వెనక నుంచి వచ్చే గొంతుగానే ఆమె మాకు తెలుసు. ఖాలా అని పిలిచేవాళ్లం. పిన్ని అన్నమాట.

ఖాలా కొడుకు, మా చిన్నాయన బిడ్డ, నేను. ముగ్గురికీ ఎనిమిదీ తొమ్మిదీ మధ్య వయసు. ముగ్గురం ఒకచోట కూర్చుంటే కోత్వాలు ఫౌజు పంపాల్సిన లొల్లి అయ్యేది. పాలగిన్నె గోకుడు ఎవరిదనే సంగతి మీద మేం చేసిన యుద్ధాల ముందు యూరప్‌లో అప్పుడు జరుగుతున్నది చిల్లర తగాదా.

ఒకనాడు మా బాపమ్మ, అంటే మా నాయన తల్లి, ముగ్గురి చెవులూ రెండు చేతులతోనే పట్టుకుంది. ఎట్లా పట్టుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆమె ఎత్తు నాలుగున్నర అడుగులు, గొంతు నాలుగున్నర మైళ్లు.

"మీ చేతులకు పనిలేక దురదవెడుతున్నయ్ రా. రాండ్రి, తాడు పేనుండ్రి."

ముగ్గురికీ నానబెట్టిన జనుము నార ఇచ్చింది. ఒక్కొక్కరం ఒక పేట పేనాలి. ముగ్గురం ఒకే వైపుకు పురి ఎక్కించాలి. తర్వాత మూడు పేటలూ కలిపి ఎదురు తిప్పాలి. అంతసేపూ ఎవరూ తమ కొస వదలొద్దు. ఒకరు వదిలితే మిగిలిన ఇద్దరు పొద్దుటినుంచి చేసిన పని బుసకొట్టి విప్పుకుంటుంది.

"బాపమ్మా, వీడు ఇడుస్తడు," అన్నది మా అక్క, అదే చిన్నాయన బిడ్డ, నన్ను చూపిస్తూ. నాకంటే పది నెలలు పెద్ద. ఆ పది నెలలను పదేళ్లుగా వాడుకునేది.

"ఇడిస్తె ఇడువనియ్. గా తాడుతోనే బర్రెను కడ్త."

నిజంగానే వదిలాను. నా తప్పు కాదు, ముక్కు మీద ఈగ వాలింది. ఆ ఈగ పిట్టంత ఉంది. చల్లగా మళ్లీ పురి తిప్పేసి ఎవరికీ చెప్పలేదు. బాపమ్మ ఆ తాడుతో మా కొట్టంలోకెల్లా పొగరుబోతు బర్రెను కట్టింది. అది ఒక్కసారి తల విదిలించింది. తాడు నా పేట దగ్గరే పుటుక్కుమంది. బర్రె పెండ్లి గుర్రంలా వాకిలంతా తిరిగి, పై గదికి పోయే కర్రమెట్లను గుద్దింది. మెట్లు కూలాయి.

వడ్రంగం చేసే వడ్లాయన వచ్చి చూసి, "రేపొస్త అమ్మా," అన్నాడు. ఆ రేపు మాకు నాలుగు నెలల తర్వాత వచ్చింది.

ఇక పై గదికి నిచ్చెనే దిక్కు. ఖాలా కొడుకు దాని మీద ఉడతలా పరుగెత్తేవాడు గానీ, గాజుల గంప నెత్తిన పెట్టుకుని దిగడం వాడి తాతతరం కూడా కాదు. అందుకని బాపమ్మ తీర్పు చెప్పింది. మెట్లు కూల్చిన ముగ్గురే గంప దించాలి. మళ్లీ తాడు పేనాం. ఈసారి ముక్కు మీద ఈగ వాలితే వాలనిచ్చాను.

పని పంచింది బాపమ్మే. ఖాలా కొడుకు పైన గోనెపట్టా వెనక నిలబడి, తాడును స్తంభానికి ఒక చుట్టు చుట్టి వదులుతాడు. వాడికి కింద ఏమీ కనపడదు. అక్క విరిగిన మెట్ల మొండెం మీద నిలబడి గంప గోడకు కొట్టుకోకుండా కర్రతో ఆపుతుంది. నేను కింద నిలబడి అరవాలి. గంప దిగాలంటే "ఢీల్". పైకి లాగాలంటే "ఖీంచ్". నేలకు తగిలాక "ఛోడో", అంటే ఇక వదిలెయ్ అని. ఇవన్నీ పతంగులాటలో మాకు ఉగ్గుపాలతో వచ్చిన మాటలే.

"పైనోడు కండ్లు లేనోని లెక్క," అన్నది బాపమ్మ నాతో. "నీ నోరే వాని కండ్లు. సమజైందా?" తర్వాత మెడ పైకెత్తి, "ఓ కొడుకా, వీడు ఏమంటె గది చెయ్యి. ఎందుకు, ఏంది అని అడుగకు," అన్నది.

"జీ, దాదీమా," అన్నాడు వాడు.

మొదటి వారం గంప గోడకు ఎన్నిసార్లు కొట్టుకుందో గోడనే అడగాలి. నేను "ఢీల్" అంటే వాడు పట్టా పక్కకు జరిపి తొంగిచూసేవాడు. నా మీద నమ్మకం లేదు. అక్క ఇద్దరి మీదా నమ్మకం లేక తనే అరిచేది. మెల్లమెల్లగా వాడు తొంగిచూడటం మానేశాడు. నెల తిరిగేసరికి కోడిగుడ్లు దించినా చిట్లని పనితనం మాది. ఒకసారి కుండ నిండా ఖట్టా పంపింది ఖాలా, ఖిచ్డీలోకి. చింతపులుసు చుక్క తొణకలేదు. కింద దిగాక తొణికింది, అది మా నాలుకల మీద.

ఇదిట్లా నడుస్తుండగా మా చదువు అడ్డం పడింది.

బడిలో ఉర్దూ. తెలుగు రావాలంటే ఇంటి అరుగు మీద పంతులుగారు చెప్పాలి. ఆయన గోదావరి దిక్కునుంచి వచ్చినాయన. మా భాష వింటే ఆయన చెవులు మూసుకునేవాడు. "సూడు కాదురా, చూడు! సల్ల కాదు, చల్ల! సక్కెర కాదు, చక్కెర!" అని ఒక్కో 'చ'కు ఒక్కో మొట్టికాయ. నా నెత్తి మీద ఇప్పుడున్న బట్టతలకు పునాది ఆయనే వేశాడు. నేను చురుకైనవాణ్ని గనక సందు దొరికిన చోటల్లా 'చ' పెట్టేశాను. చూర్యుడు. చముద్రం. చాయంత్రం. బాపమ్మను చల్ల పొయ్యమంటే, "ఏందిర, జలుబు చేసిందా?" అని నుదురు పట్టి చూసింది.

ఆ చలికాలంలో ఖాలాకు పెద్ద పని వచ్చింది. ఎవరిదో గొప్పింటి పెండ్లి. పెండ్లికూతురికి, ఆమె చుట్టాలకు, చుట్టాల చుట్టాలకు గాజులు. పదిహేను రోజులు పై గదిలో కుంపటి ఆరలేదు. లాడ్ బజార్ దుకాణంలో లెక్కలు చూసే మున్షీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాకిట్లో నిలబడి దగ్గేవాడు. ఫలానా రోజు పొద్దుగూకే నమాజుకల్లా గాజులు అందకపోతే ఇక మీకూ మాకూ పనిలేదని చెప్పాడు.

ఆ మాట అర్థం ఖాలా కొడుకు నాకు గడ్డివాము మీద చెప్పాడు. "కామ్ గయా తో మామూ కే పాస్ బీదర్ జానా పడ్తా, భాయ్. ఇక్కడ్ మాకు ఎవ్రున్నరు?"

పని పోతే వాళ్లు బీదర్‌లో మేనమామ దగ్గరికి పోవాలట. బీదర్ ఎక్కడుందో నాకు తెలియదు. చముద్రం అవతల అనుకున్నాను. ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. మున్షీ దగ్గితే ఉలిక్కిపడేవాణ్ని, పైన కుంపటి పొగ తగ్గితే నిచ్చెనెక్కి అడిగేవాణ్ని, "ఖాలా, అయినయా?" అని. "హోతీం బాబా, హోతీం," అవుతాయిలే అని పట్టా వెనక గొంతు నవ్వేది.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున పాలు పితకడం అయిపోయింది. గాజులు నిండిన గంప మూతికి గుడ్డ కట్టి ఖాలా అంచుకు జరిపింది. వాడు పైన, అక్క మధ్యన, నేను కింద. "ఢీల్," అన్నాను. దిగింది. "ఢీల్." సగం దిగింది. గుడ్డ కింద గాజులు సన్నగా మోగుతున్నాయి.

అప్పుడు ఆకాశంలో ఒక పతంగి తెగింది.

దాన్ని పతంగి అనడం పాపం. ఎరుపు మీద నలుపు కళ్లు, తలుపంత వెడల్పు, తోక పట్టుకుంటే ఉస్మాన్‌గంజ్ దాకా పోవచ్చు. ఊగుతూ ఊగుతూ సరిగ్గా మా వాకిట్లోకే దిగుతోంది. ఏ పోరడికైనా జన్మకొకసారి జరిగే సంగతి. అక్కకు చూపించాలని, పంతులుగారు నేర్పిన శుద్ధమైన ఉచ్చారణతో, కడుపులో ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాను.

"చూడో! చూడో!"

పైనున్నవాడికి "ఛోడో, ఛోడో" అని వినపడింది.

వదిలేశాడు. ఎందుకు, ఏంది అని అడగలేదు. తొంగిచూడలేదు.

గంప విరిగిన మెట్ల కర్రల మీద పడిన చప్పుడుకు మక్కా మసీదు పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. ఆరు బర్రెలూ సాయంత్రం పాలు అప్పుడే దాచుకున్నాయి. గాజులు వాకిలంతా దొర్లాయి. కొన్ని విరిగాయి, చాలావాటికి అద్దాల రాళ్లు ఊడి గడ్డిలో, మట్టిలో, పేడలో మెరుస్తున్నాయి. పతంగి తాపీగా బావి గట్టు మీద వాలింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

వాడు నిచ్చెన మీద నుంచి దిగలేదు, రాలాడు. "క్యోం బోలా బే? ఛోడో కర్కే క్యోం బోలా?"

"ఛోడో అనలే! చూడో అన్న! పతంగిని చూడు అన్న!"

"ఝూట్! ఛోడోఇచ్ బోలా తూ!"

"సూడు అని చావరాదుర నీకు!" అక్క నా వీపు మీద చరిచింది. "మనింట్ల ఎవలన్నా చూడు అంటరా? పంతులు కొడుకువా నువ్వు?"

ఇద్దరం మట్టిలో దొర్లాం. వాడి పళ్ల గుర్తు నా భుజం మీద ఇప్పటికీ ఉంది, అనుమానమున్నవాళ్లకు చొక్కా విప్పి చూపిస్తాను. బాపమ్మ వచ్చి రెండు పిల్లికూనల్లా చెరో చేత్తో ఎత్తింది. ఖాలా తిట్టి ఉంటే బాగుండేది.

బాపమ్మ ముందు వాణ్ని అడిగింది. "కొడుకా, ఛోడో అని ఇనవడ్డంక ఏం జేసినవ్?"

"ఛోడ్ దియా, దాదీమా."

"తొంగి సూసినవా?"

వాడు నన్ను చూపించి, ఏడుపు మింగుతూ అన్నాడు. "ఇనే బోలా తో, దేఖ్నా కాయ్‌కు?" వీడు చెప్పాక చూడటం ఎందుకు?

బాపమ్మ నా దిక్కు తిరిగింది. మొట్టికాయ పడుతుందని నెత్తి మీద చేతులు పెట్టుకున్నాను. కొట్టలేదు.

"ఇన్నవార?" అన్నది మెల్లగా. ఆమె మెల్లగా మాట్లాడగలదని మా ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. "నువ్వు ఇడువమన్నవనుకోని తన తల్లి కష్టాన్ని ఇడిసిండు. గిసుంటోడు నీకు మల్ల దొరుకుతడా?"

ఆ మాటకన్నా మొట్టికాయలే నయం.

తర్వాత ఆమె గొంతు మళ్లీ నాలుగున్నర మైళ్లకు లేచింది. "లక్కకు నిప్పు సూపిస్తె మల్ల అతుకుతదా లేదా, ఓ బిడ్డా?" అని పైకి అడిగింది. పట్టా వెనక నుంచి గొంతు వచ్చింది. అతుకుతుంది, కానీ ఒక్క మనిషితో సాయంత్రానికి కాదు.

"ఒక్క మనిషి ఎందుకు? ముగ్గురు సైతాన్లున్నరు."

గడ్డి పరక పరకా దులిపి రాళ్లు ఏరాం. నాలుగు రాళ్లు ఒక బర్రె మింగింది. దాని పాలు మూడు రోజులు తళతళలాడాయని నేను ఏ పుస్తకం మీదైనా ప్రమాణం చేస్తాను. పై గదిలో కుంపటి చుట్టూ కూర్చున్నాం. అక్క విసనకర్రతో బొగ్గులు ఎగదోస్తుంది. ఖాలా గదికి ఆ చివర, ముసుగు వేసుకుని మాకు వీపు తిప్పి, ఇంకో కుంపటి పెట్టుకుని విరిగిన గాజులు అతుకుతుంది. వాడు ఊడిన రాయి చోట లక్కను నిప్పుకు చూపించి మెత్తబరుస్తాడు. అది ఒక్క ఊపిరిసేపే మెత్తగా ఉంటుంది. ఆ ఊపిరిలోనే నేను సరైన రాయి వాడి అరచేతిలో పెట్టాలి.

వాడు నాతో మాట్లాడటం లేదు. చెయ్యి చాస్తాడు, నేను రాయి పెట్టేలోపే లాగేసుకుంటాడు. రాయి బూడిదలో పడుతుంది. లక్క గట్టిపడుతుంది. మళ్లీ మొదటికొస్తుంది. ఇచ్చిన ప్రతి రాయినీ తిప్పి తిప్పి చూస్తాడు, నేను గులకరాయి ఇచ్చినట్టు. కిటికీలో ఎండ గోడ మీద నుంచి నేల మీదికి దిగింది. నాకు కాళ్లు నిలవడం లేదు. లేస్తున్నాను, కూర్చుంటున్నాను, కిటికీలోంచి మున్షీ వస్తున్నాడేమోనని చూస్తున్నాను.

బాపమ్మ నిచ్చెన మీద నుంచి తల మాత్రం లోపల పెట్టి ఇదంతా చూసింది.

"ఇనుండ్రి. ఇయ్యాల్టి సంది ఛోడో లేదు, చూడో లేదు. తీసుకునేటోడు చేతికొచ్చినంక 'అందింది' అనాలె. అప్పటిదాంక ఇచ్చేటోడు ఇడువొద్దు, తీసుకునేటోడు గుంజొద్దు."

అని తల తీసేసింది. కిందికి పోయి, అప్పుడే దగ్గుతూ వచ్చిన మున్షీని మంచం మీద కూర్చోబెట్టింది. ఆ మధ్యాహ్నం ఆయన పడిన బాధ పగవాళ్లకు వద్దు. ముందు జున్ను. తర్వాత చెంబెడు సల్ల. తర్వాత మా ఆరు బర్రెల తల్లుల, అమ్మమ్మల చరిత్ర. "అమ్మా, దేర్ హోరీ," అని ఆయన ఆలస్యమవుతోందని లేచినప్పుడల్లా, "కూసో నాయనా, దీని మేనత్త సంగతి చెప్పనే లేదు," అని మళ్లీ కూర్చోబెట్టేది. జున్ను తింటూ ఆయన రెండుసార్లు నిద్రపోయాడు.

పైన వాడు చెయ్యి చాచాడు. నేను రాయి పెట్టి, వేలు తీయకుండా ఆగాను. వాడూ ఆగాడు. లక్క చల్లబడుతోంది. అక్క విసనకర్ర ఆపి ఇద్దరినీ చూస్తోంది.

"అందింది," అన్నాడు వాడు, కుంపటిలోకి చూస్తూ.

కాటు తర్వాత వాడి నోట్లోంచి నాకోసం వచ్చిన మొదటి మాట అది. వేలు తీశాను. రాయి లక్కలో కూర్చుంది. ఇంకోటి. అందింది. ఇంకోటి. అందింది. కొంతసేపటికి వాడు రాళ్లను తిప్పి చూడటం మానేశాడు. తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాచేవాడు. తొందరలో ఒక ఎర్రరాళ్ల గాజుకు నేను పచ్చరాయి ఇచ్చాను. వాడు చూడకుండా పెట్టేశాడు. లక్క గట్టిపడ్డాకే ఇద్దరం చూశాం. అది అట్లాగే పెండ్లికి పోయింది. ఏ బేగం చేతికో ఆ ఒక్క రాయి ఎందుకు పచ్చగా ఉందో ఈ లోకంలో ఇద్దరికే తెలుసు.

పొద్దు వాలేసరికి గంప నిండింది. మళ్లీ దించాలి. నేను కిందికి దిగి గోడ చాటుకు జరిగాను. అక్క అరుస్తుందిలే అనుకున్నాను. పట్టా వెనక నుంచి ఖాలా గొంతు వచ్చింది.

"నీచె వహీ బచ్చా ఖడా రహేగా. సుబూ జో థా, వహీచ్."

పొద్దున ఎవరున్నాడో వాడే నిలబడాలట.

నిలబడ్డాను. "ఢీల్," అంటే నా గొంతు నాకే వినపడలేదు. రెండోసారి అన్నాను. గంప కదిలింది. పట్టా మాత్రం కదల్లేదు, వాడు తొంగిచూడలేదు. ఆ సాయంత్రం మొఘల్‌పురా ఆకాశంలో వెయ్యి పతంగులు తెగి ఉండొచ్చు, చంద్రుడే తెగి పడి ఉండొచ్చు. నేను తల ఎత్తలేదు. గంప నా రెండు చేతుల్లోకి వచ్చింది, నేలకు ఆనింది.

"అందింది!"

తాడు పైనుంచి జలజలా రాలింది. అప్పుడే మసీదులో పొద్దుగూకే అజాన్ మొదలైంది. మున్షీ ఉలిక్కిపడి లేచి, గంప చూసి, "అరె, తయార్ హైనా! మరి చెప్పరేంది?" అన్నాడు మీసాల మీది జున్ను తుడుచుకుంటూ.

వాళ్లు బీదర్ పోలేదు. అప్పటికి పోలేదు.

కొన్నేళ్లకు రాజ్యం మారే గడబిడ రోజులొచ్చాయి. ఊళ్లో ఎవరికీ రేపటి సంగతి తెలియదు. ఒక పొద్దున ఖాలావాళ్లను తీసుకుపోవడానికి జట్కా వచ్చి మా ఇంటి ముందు ఆగింది. వడ్లాయన కట్టిన మెట్లున్నా, పెట్టె బరువుగా ఉందని తాడుతోనే దించాం. ఈసారి నేను పైన, పట్టా వెనక. కింద వాడు. అక్కకు అప్పటికే పెండ్లయి వెళ్లిపోయింది. "ఢీల్," అన్నాడు. వదిలాను. "ఢీల్." వదిలాను. నాకు కింద ఏమీ కనపడలేదు. "అందింది," అన్నాడు. అన్నాక వదలాలి గదా, అది మా మాట. వదిలాను. మెట్లు దిగి వచ్చేసరికి జట్కా గల్లీ మలుపు తిరిగింది. ఇంకో క్షణం పట్టుకుని ఉంటే ఏమయ్యేదని ఈ వయసులో కూడా తాడు కనపడినప్పుడల్లా అనుకుంటాను.

"సార్! ఓ సార్! ఆట అయిపోయింది, వదిలేయండి!" టీచరమ్మ సైరను మోగింది.

చూస్తే మైదానంలో అందరూ బట్టలు దులుపుకుంటున్నారు. అందరూ వాలారట, ఎవరూ పడలేదట. తాడు పట్టుకుని నేనొక్కణ్నే నిలబడి ఉన్నాను, కట్టేసిన బర్రెలాగా. మా చిన్న బిడ్డ సిగ్గుతో ఎర్రబడి పరుగెత్తుకొచ్చింది.

"బాపూ, అందరు చూస్తున్నరు. తాడు ఇటియ్యి, టీచర్‌కు ఇయ్యాలె." రెండు చేతులతో కొస పట్టుకుంది.

"అందిందా?" అన్నాను.

"ఏందీ?"

"అందిందా, బిడ్డా?"

నా మొహం చూసింది. ఏమనుకుందో, లాగడం ఆపింది.

"ఆఁ బాపూ. అందింది."

ఇంకో క్షణం పట్టుకుని, అప్పుడు వదిలాను.